డోర్నకల్ బిషప్ అజరయ్య: ఎనిమిదో తరగతి ప్రాజెక్టు గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి ఎనిమిదో తరగతి పిల్లలకు స్థానిక చరిత్ర ప్రాజెక్టుగా బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి జీవితం ఇచ్చాం. ఇది మతబోధ కాదు. నిజాం రాజ్యంలోని ఒక రైల్వే జంక్షన్ ఊరు కేంద్రంగా, ఊరి బయట ఉంచిన కులాల వాళ్లు తమ బడినీ గుడినీ తామే నడుపుకున్న చరిత్ర ఇది. అన్ని మతాల పిల్లలూ చదవదగ్గది.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళైలో పుట్టారు. తండ్రి అక్కడి పాస్టరు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గానీ డిగ్రీ పూర్తి కాలేదు. 1895లో వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘంలో చేరి చాలా ఏళ్లు దక్షిణాదంతా తిరిగారు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. విదేశీ డబ్బు లేకుండా, విదేశీ మనుషులు లేకుండా నడవాలన్నది దాని నియమం. ఆ సొసైటీ పని చేయడానికి ఎంచుకున్న ప్రాంతం డోర్నకల్. 1909లో ఆయనే వచ్చి అక్కడ కాపురం పెట్టారు. మాతృభాష తమిళం. తెలుగు ముప్పై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నారు.

బిషప్ అంటే ఒక ప్రాంతంలోని చర్చిలన్నిటికీ పెద్ద. బిషప్ ఎలా అవుతారో పిల్లలు తప్పక రాయాలి, చాలామంది తడబడేది ఇక్కడే. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖలో, మూడు మెట్లు: ముందు డీకన్ (సహాయకుడు), తర్వాత గురువు (పాస్టరు), ఆపైన బిషప్. వాళ్ల పాత ప్రార్థన పుస్తకం ప్రకారం వీటికి కనీస వయసులు 23, 24, 30. బిషప్ అభిషేకానికి కనీసం ముగ్గురు బిషప్పులు తలమీద చేతులుంచాలి. అజరయ్య మొదటి రెండు మెట్లూ 1909లోనే ఎక్కారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో (కెథడ్రల్ అంటే బిషప్ ప్రధాన చర్చి), 38వ ఏట బిషప్ అయ్యారు. ఆయన పేరు ముందుకు తెచ్చి పట్టుబట్టింది మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్.

దీనికి రెండేళ్ల ముందు, 1910లో, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల సభలో అజరయ్య మిషనరీల ముఖం మీదే ఒక మాట అన్నారు: ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మాకు ప్రేమ కావాలి, స్నేహితులను ఇవ్వండి. భారతీయుల్ని తమ సరసన సమానంగా కూర్చోబెట్టుకోని దొరల గురించి అది. కొందరికి కోపం వచ్చింది. పిల్లలు ఈ ప్రసంగం దగ్గర కాస్త ఆగాలని నా కోరిక.

రెండు తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. "భారతదేశపు మొదటి బిషప్" అని రాయకండి. కేరళ సిరియన్ క్రైస్తవుల్లో మనవాళ్లే బిషప్పులుగా అంతకు ముందెప్పటి నుంచో ఉన్నారు. అజరయ్య మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్. అలాగే వేర్వేరు ప్రొటెస్టెంట్ శాఖలు కలిసి ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఆయన చేతుల మీదుగా ప్రారంభం కాలేదు. 1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యత చర్చల్లో ఆయన ముఖ్యులు. కానీ ఆయన 1945 జనవరి 1న కన్నుమూశారు, సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న.

ఇక ఇంట్లో మీ సాయం కావాల్సిన భాగం. డోర్నకల్ సంఘాలను నిలబెట్టిన ఆదాయంలో ముఖ్యమైనది పిడికెడు బియ్యం. ఇల్లాలు వంటకి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది, పోగైనది చర్చికి చేరుతుంది. దీని లెక్క పిల్లలే కట్టాలి. ఒక్క పిడికెడును తూస్తే వంటింటి కాటా సరిగ్గా చూపదు. పది పిడికిళ్లు ఒకే గిన్నెలో పోసి, గిన్నె బరువు తీసేసి, పదితో భాగించండి. పిడికెడంటే వేళ్లు మూసిన చెయ్యి. అరచెయ్యి చాచి పట్టే చారెడు కాదు, ఈ తేడాతో లెక్క బాగా పెరిగిపోతుంది. పిడికెడు 40 గ్రాములు వచ్చిందనుకోండి: రోజుకొకటి చొప్పున నెలకు ఇంటికి 1.2 కిలోలు, 40 ఇళ్లకు 48 కిలోలు. ఏడాదికి పన్నెండుతో గుణించి వదిలేయకూడదు. కోతలకు ముందు కూలి ఇళ్లలో గింజలు నిండుకుంటాయి, కుండ కూడా ఖాళీగానే ఉంటుంది. ఆ లోటు కోతల పండుగనాటి ధాన్యం, కోళ్లు, కూరగాయలతో కొంత పూడేది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇలాంటి కుండ గుర్తుంటే, ఏ గుడికైనా సరే, పిల్లలకు చెప్పండి.

మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటి మీద ఆయన చేసిన పోరుకు ఒక పేజీ చాలు.

బొమ్మకు డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ ఎంచుకున్నాం. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు, మినార్లు మసీదును, లోపలి స్తంభాలు హిందూ దేవాలయ మండపాన్ని తలపిస్తాయి. ఏ భాగం దేన్ని పోలి ఉందో బాణం గీసి రాయాలి. నెట్‌లో వెతికేటప్పుడు మెదక్ చర్చి ఫోటో అతికించకుండా చూడండి. 1924లో పూర్తయిన ఆ చర్చి వెస్లియన్ మిషన్ అనే వేరే ప్రొటెస్టెంట్ శాఖది, యూరప్ పాత చర్చిల గోతిక్ శైలిది. స్వయంగా చూడాలనుకుంటే ఆదివారం ఉదయం ఆరాధన వేళ వద్దు. ముందుగా చర్చి కార్యాలయంలో అడిగి, మరో రోజు వెళ్లండి.

పిడికెడు లెక్క కాగితం మీద తూచిన పది పిడికిళ్ల బరువు, తూచిన వారి వయసు రాసి, తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేసి సోషల్ టీచరుకు పంపండి.

ప్రధానోపాధ్యాయులు