పదిమంది మీద గోల్ రాకపోతే తప్పు పిల్లలదా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో పాఠశాలల ఫుట్‌బాల్ ఫైనల్ వార్త చదివాను. రెడ్ కార్డు వల్ల ప్రత్యర్థులు సెకండ్ హాఫ్ అంతా పదిమందితోనే ఆడినా మన జట్టు గోల్ కొట్టలేకపోయిందనీ, దానికి ‘ఫార్వర్డ్‌ల వైఫల్యం’ కారణమనీ రాశారు. పైగా ఇద్దరు పిల్లల పేర్లు కూడా వేశారు. ఆ మ్యాచ్ నేనూ చూశాను. ఎవరూ నేర్పని విద్య రాలేదని పిల్లల్ని నిందించడం అన్యాయం.

అవతల ఒకడు తగ్గినంత మాత్రాన గోల్ వచ్చి పడదు. ఆ మిగులు మనిషి బంతి ఉన్నచోట మిగలాలి. ఆ రోజు మనవాళ్లంతా పెనాల్టీ ఏరియా ముందే గుమిగూడారు. రెండు వింగులూ, అంటే మైదానం రెండు పక్కలూ, ఖాళీ. టచ్‌లైన్ దగ్గర కోచ్ "కొట్టరా, కొట్టు" అని అరవడం తప్ప ఇంకో మాట చెప్పలేదు.

చెప్పాల్సింది చాలానే ఉంది. బంతిని ఒక వింగుకు తిప్పి, వెనకనుంచి ఫుల్‌బ్యాక్‌ను, అంటే ఆ పక్క కాపలా ఉండే మన డిఫెండర్‌ను, ముందుకు పంపితే అక్కడ వాళ్ల డిఫెండర్ ఒక్కడు, మనవాళ్లు ఇద్దరు అవుతారు. బంతి ఉన్నవాడు నేరుగా ఆ డిఫెండర్ మీదికి వెళ్లాలి. వాడు తన మీదికి కదిలిన క్షణంలోనే పాస్ ఇవ్వాలి. ముందే ఇస్తే డిఫెండర్ రెండోవాడి దగ్గరికి జరిగిపోతాడు, ఆలస్యమైతే బంతే పోతుంది. వాడు కదలకపోతే పాస్ అక్కర్లేదు, తానే లోపలికి దూసుకుపోవాలి. రెండోవాడు ఎడంగా ఉండాలి, తొందరపడి పాస్ రాకముందే ఆ డిఫెండర్‌ను దాటి ఆఫ్‌సైడ్‌లోకి పోకూడదు. ముగ్గురికి ఇద్దరు అడ్డమైతే బంతి మధ్యవాడి కాళ్ల దగ్గర ఉండాలి, పక్కవాళ్లు విడిపోవాలి. ఇదంతా కొన్ని సెకన్లలో జరగాలి, లేకపోతే వెనకపడ్డ డిఫెండర్లు తిరిగొచ్చి లెక్క సమం చేసేస్తారు.

దీన్ని నేర్పడానికి నాలుగు కోన్‌లు, ఒక బంతి చాలు. మన శిబిరాల్లో మాత్రం గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టించి, వరసలో నిలబెట్టి ఖాళీ గోల్‌లోకి షాట్లు కొట్టిస్తారు. అడ్డం వచ్చే మనిషే లేకుండా ఎప్పుడు పాస్ ఇవ్వాలో పిల్లాడికి ఎలా తెలుస్తుంది?

ఇది ఏ ఊరని! 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చిన, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలిపిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ బడిపంతులు. డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టి మరీ పాస్ విలువ నేర్పిన మనిషి. 1962 స్వర్ణ జట్టులో ఫార్వర్డ్‌గా ఆడిన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ పిల్లాడే. ఆ వారసత్వం ఇప్పుడు సన్మాన సభల్లో చెప్పుకోడానికి తప్ప దేనికీ పనికిరావడం లేదు. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన మన హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టు కూడా 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది. ఎందుకు పోనిచ్చామని ఎవరైనా గట్టిగా అడిగారా?

బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు ఉంటే గ్రౌండ్ ఉండదు, గ్రౌండ్ ఉంటే ఎగ్జిబిషన్లకో సభలకో ఇచ్చేస్తారు. ఉన్న పీఈటీకి ఎన్నికల డ్యూటీ, పరీక్షల డ్యూటీ. అధికారులు కప్పు అందించే రోజున ఫొటో కోసం వస్తారు, ప్రాక్టీసు ఎలా జరుగుతోందో చూడ్డానికి ఒక్కరూ రారు.

ఈసారి మీ విలేకరి ఓడిన పిల్లల పేర్లు రాసే ముందు, ఇద్దరి మీద ఒక్కడు వచ్చే డ్రిల్లు వాళ్లతో చివరిసారి ఎప్పుడు చేయించారో కోచ్‌ను అడగమనండి. ఆ జవాబు కూడా అదే వార్తలో వేయండి.

— ఒక రిటైర్డ్ పీఈటీ, సికింద్రాబాద్