ఆ సిస్టర్ గారికి పర్లాకిమిడి నుంచి దండాలు

మా ఆయన్ని డిశ్చార్జి చేశారు. గుణుపూరు పాసింజరులో ఇంటికి చేరాం. ఆయన పడుకున్నారు. నాకు ఒళ్ళు కూలిపోతోంది గానీ నిద్ర పట్టడం లేదు. ఇప్పుడే రాసేయాలి.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళవాతం జ్వరం వల్ల మా ఆయన గుండెలో మైట్రల్ అనే వాల్వు (రక్తం వెనక్కి పోకుండా ఆపే కవాటం) పాడైంది. లోహపు వాల్వు వేశారు. అది ఉన్నన్నాళ్ళూ రక్తం గడ్డ కట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి. మందు చాలకపోతే వాల్వు మీద రక్తం గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తం ఆగదు. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డ కడుతోందో చెప్పే ఐఎన్ఆర్ అనే నంబరు ఆయనకి 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలని చెప్పారు. ఆదివారం రాత్రి ముక్కులోంచి రక్తం కారడం మొదలైంది. అప్పటికి అది 8 దాటిపోయిందని తర్వాత తెలిసింది.

క్లినిక్ పుస్తకం మీదున్న నంబరుకి చేస్తే విశాఖపట్నంలో ఈ మందుల క్లినిక్ చూసే సిస్టర్ గారు ఎత్తారు. డ్యూటీలో లేరు, ఇంట్లో ఉన్నారు. "ఏడవకమ్మా, తల వెనక్కి వాల్చకు. ముందుకి వంచి కూర్చోబెట్టి ముక్కు మెత్తగా ఉన్నచోట గట్టిగా నొక్కి పట్టు. ఈ రాత్రి మాత్ర వేయకు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు. లోహపు వాల్వు ఉందని కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పు, తుంటికి ఇంజెక్షన్ చేయనివ్వకు" అన్నారు. ఇక్కడి డ్యూటీ డాక్టరు గారితో తనే మాట్లాడి, తమ కార్డియాలజిస్టునీ లైన్లోకి తెచ్చారు. వార్ఫరిన్‌కి విరుగుడైన విటమిన్ కె ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే వాల్వు మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంటుందట.

విశాఖలో చేర్చాక ఆవిడ నా చేతిసంచిలోని మందులన్నీ మంచం మీద పోయించి ఒక్కో అట్ట చదివారు. విరేచనాలకని ఊళ్ళో ఇచ్చిన మెట్రోనిడజోల్, మోకాలి నొప్పికి ఇచ్చిన డైక్లోఫెనాక్ పక్కకి తీశారు. మొదటిది వార్ఫరిన్ పనిని పెంచేస్తుందట. రెండోది కడుపులో రక్తం కారేలా చేస్తుందట. ఈ మాట ముందు మాకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత మా ఆయన్ని ఏం తింటారని అడిగారు. ఆపరేషన్ అయినప్పటినుంచి ఆయన ఆకుకూర ముట్టలేదు, అందులో ఆ విటమిన్ కె ఉంటుందని అందరూ విషమన్నట్టు భయపెట్టారు. "ఎందుకు మానేయడం? తోటకూర తినండి. ఒకవారం అసలు తినక, ఇంకోవారం రోజూ తినేస్తే నంబరు అటూఇటూ అవుతుంది. వారం వారం ఒకేలా తినండి, మందు దానికి తగ్గట్టు డాక్టరు గారు సరిచేస్తారు" అన్నారు. నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, తోటకూర పులుసు తినొచ్చా అని రెండుసార్లు అడిగారు. ఆవిడ రెండుసార్లూ ఓపిగ్గా అవునన్నారు. నాకక్కడ ఏడుపు ఆగలేదు. డ్యూటీ అయిపోయాక కూడా కూర్చుని, అరమాత్రలు విరిచి, వారాల పేర్లు తెలుగులో రాసిన పొట్లాల్లో పెట్టిచ్చారు. అమ్మా, మీరు పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. మా ఇంట్లో దీపం పెట్టిన ప్రతిరోజూ మిమ్మల్ని తలుచుకుంటాను.

మా మరిది, తోడికోడలు పిల్లల్ని చూసుకున్నారు. అన్నయ్య డబ్బు సర్దాడు.

ఒక్కమాట చెప్పకుండా ఉండలేను. అంతమంది రోగులకి ఆ క్లినిక్‌లో ఒక్క సిస్టరేనా? ఆవిడ సెలవు పెడితే మాలాంటివాళ్ళ గతేంటి? మా ఊళ్ళో పరీక్షకి రక్తం ఇస్తే రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది, అందులోనూ రక్తం గడ్డ కట్టడానికి పట్టిన సెకన్లు మాత్రమే వేసిస్తారు. ఒక లాబ్ సెకన్లు ఇంకో లాబ్‌తో సరిపోవనే కదా 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐఎన్ఆర్ లెక్క పెట్టింది! అది కూడా సిస్టర్ గారే చెప్పారు. ఇక ఉచిత వైద్యం కార్డు సంగతి. మేం ఒడిశావాళ్ళమని అక్కడ కుదరదన్నారు. ఇక్కడ అడిగితే పక్క రాష్ట్రంలో ఎందుకు చేర్చారన్నారు. గుండెకి సరిహద్దు తెలుస్తుందా? ఇక్కడ ఐఎన్ఆర్ మిషను ఒకటి, దాన్ని చూసే నర్సు ఒకరు ఉంటే ఇంతదూరం పరిగెత్తేవాళ్ళమా?

అయ్యో, పాతపట్నం దాటేదాకా ముక్కు ఎలా నొక్కాలో చూపిస్తూనే ఉన్న అంబులెన్సు తమ్ముడికి దండాలు. ఆసుపత్రి గేటు దగ్గర టీకొట్టు అమ్మ, నా ఫోన్ చార్జింగ్ పెట్టి ఇడ్లీకి డబ్బు తీసుకోలేదు. రాత్రి శాంపిల్ వెంటనే చూసిన లాబ్ అబ్బాయికి కూడా. ఆ పక్కమంచం ముసలాయన కొడుకు, తన దుప్పటి నాకిచ్చాడు, పేరు అడగనే లేదు. బాబూ, ఇది నీకు కనబడితే మీ నాన్నగారికి ఎలా ఉందో చెప్పు.