ఫోనుకూ కంప్యూటరుకూ మధ్య ఏ వైరు?

సంపాదకులకు,

గోదావరికి నీళ్లు వచ్చే రోజులు దగ్గరపడితే డెల్టాలో ఆఫీసు ఫోన్లకు పని పెరుగుతుంది. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే కంట్రోల్ రూములో రిసీవరు కింద పెట్టే తీరిక ఉండదు. ఎవరు చేశారు, ఏ లంక నుంచి, ఎన్ని గంటలకు అన్నది రిజిస్టరులో రాసుకునే బదులు కంప్యూటరులోనే పడితే బాగుండునని అందరికీ ఉంటుంది. రైసు మిల్లులకూ, రొయ్యల మేత డీలర్లకూ, అంబాజీపేట కొబ్బరి వర్తకులకూ అదే కోరిక: ఫోను మోగగానే పార్టీ పేరు తెర మీద కనబడాలి. చిక్కల్లా కొట్టుకు వెళ్లి "ఫోనుకు యూఎస్‌బీ వైరు ఇవ్వండి" అనడంతో మొదలవుతుంది. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు, అడిగితే అలాంటి వైరూ దొరుకుతుంది. ఒక కొసకు ఫోను పిన్ను, రెండో కొసకు యూఎస్‌బీ, మధ్యలో ఉత్త రాగి తీగ.

ఆ వైరును ల్యాండ్‌లైనుకు తగిలించకూడదు. రిసీవరు పెట్టేసి ఉన్నప్పుడు లైనులో 48 వోల్టుల డీసీ ఉంటుంది, మోగేటప్పుడు సుమారు 75 వోల్టుల ఏసీ వస్తుంది. యూఎస్‌బీ పోర్టు 5 వోల్టులది. పైగా లైనులో వచ్చేది మాట, యూఎస్‌బీ అడిగేది అంకెలు. మధ్యలో ఆ మార్పు చేసే సర్క్యూటు లేకుండా ఒకటి రెండోదానికి అర్థం కాదు. పోర్టు కాలిపోవడం మాత్రం మొదటి రింగుకే జరగొచ్చు.

కాబట్టి కొనే ముందు ఫోనును బోర్లా తిప్పి చూడాలి. రెండు తీగల చిన్న పిన్నుతో గోడ మీది రోసెట్ బాక్సుకు వెళ్తే అది మామూలు ఫోను. దానికి కావలసింది, లైను సంకేతాన్ని కంప్యూటరుకు అర్థమయ్యేలా మార్చే యూఎస్‌బీ వాయిస్ మోడెమ్. 'వాయిస్' అన్న మాట పెట్టె మీద ఉండాలి, లేకపోతే అది ఫ్యాక్సుకూ డేటాకే. రోసెట్ దగ్గర స్ప్లిట్టరు పెట్టి ఒక వైరు ఫోనుకు, ఇంకోటి మోడెమ్‌కు ఇవ్వాలి. విండోస్ డివైస్ మేనేజరులో మోడెమ్‌కు ఏ కామ్ (COM) పోర్టు నంబరు వచ్చిందో చూసుకుని, దానికి ఆదేశాలు పంపే పుటీ (PuTTY) ప్రోగ్రాములో ఆ పోర్టు తెరిచి ఇంగ్లీషులో ఏటీ (AT) అని కొట్టి ఎంటర్ నొక్కితే ఓకే అని రావాలి. తరువాత, చేసినవారి నంబరు చూపించమని, ఏటీ, ప్లస్ గుర్తు, వీసీఐడీ, ఈక్వల్ గుర్తు, 1, మధ్యలో ఖాళీ లేకుండా (AT+VCID=1) కొట్టాలి. దానికీ ఓకే వస్తే సెల్‌ఫోను నుంచి ఆ నంబరుకు ఒకసారి చేయాలి.

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. తెర మీద రింగ్, రింగ్ అని పడుతుంది గానీ నంబరు రాదు. మోడెమ్ పోయిందని కొట్టువాడితో తగువు పడతారు, నిజానికి మోడెమ్ తప్పేమీ ఉండదు. దొరికే మోడెముల్లో చాలావరకు అమెరికా పద్ధతివి: మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్య ఎఫ్‌ఎస్‌కే అనే సంకేతంలో నంబరు వస్తుందని కాచుకుని ఉంటాయి. మన రాగి లైన్లలో చాలాచోట్ల మొదటి రింగుకు ముందే, లైను ధ్రువాలు ఒక్కసారి తారుమారై, బటన్లు నొక్కినప్పుడు వచ్చే డీటీఎంఎఫ్ స్వరాల్లో నంబరు వచ్చేస్తుంది. మోడెమ్ చెవి ఒగ్గేసరికి పాట అయిపోతుంది. అందుకే ఎఫ్‌ఎస్‌కే, డీటీఎంఎఫ్ రెండూ చదువుతుందని రాసి ఉన్న కాలర్ ఐడీ పెట్టె (చేసినవారి నంబరు చదివేది) అడిగి తీసుకోవాలి. ఫైబరు కనెక్షనయితే నంబరు ఏ పద్ధతిలో పంపాలన్నది ఫైబరు తీగ వచ్చి చేరేలా ఇంట్లో పెట్టిన ఓఎన్‌టీ పెట్టె సెట్టింగులను బట్టి ఉంటుంది. అవి ఆపరేటరు చేతిలో ఉంటాయి గనక వాళ్లనే అడగాలి.

ఆఫీసులోనే ఉండే ఇంటర్‌కామ్ ఎక్స్ఛేంజికి (ఈపీఏబీఎక్స్) కట్టిన తెరా బటన్లూ ఉన్న కీ ఫోన్ల సంగతి వేరు. పిన్ను అదే, తీగలు రెండే, కానీ లోపల నడిచేది డిజిటల్ సంకేతం. ఆ ఎక్స్‌టెన్షనుకు మోడెమ్ తగిలిస్తే పని చేయకపోగా మోడెమ్ పోయే ప్రమాదం ఉంది. ఎక్స్ఛేంజిలో అనలాగ్ ఎక్స్‌టెన్షను ఖాళీగా ఉంటే దాని నుంచి తీసుకోవాలి.

ఇక నెట్‌వర్క్ కేబులుతో నడిచే ఐపీ ఫోన్లు. వీటి పక్కన యూఎస్‌బీ రంధ్రం కనబడగానే ఆశ పుడుతుంది. అది పెన్‌డ్రైవ్ పెట్టే రకం, బల్లపరుపు నోరు అయితే హెడ్‌సెట్టుకో, రికార్డింగు పెన్‌డ్రైవుకో పెట్టింది. ఆ పోర్టు, కంప్యూటరు పోర్టు రెండూ యజమానులే (హోస్టులు), కరెంటు ఇచ్చి పని చెప్పేవే. రెండు కొసలా బల్లపరుపు మూతి ఉన్న వైరుతో కలిపితే రెండు వైపుల నుంచీ 5 వోల్టులు ఎదురెదురు పడతాయి తప్ప మాట నడవదు. ప్రింటరు వెనక ఉండే చదరపు బి టైపు నోరు ఉంటే ఆ ఫోనుకు కంప్యూటరు కింద పనిచేసే వీలుంది. మైక్రో గానీ సీ టైపు గానీ అయితే ఆ ఫోను మాన్యువల్ చూడాలి, సీ టైపు నోరు రెండు పాత్రలూ వేయగలదు. ఏమీ లేకపోయినా దిగులు లేదు: చాలా ఐపీ ఫోన్లకు వెనక 'పీసీ' అని రాసిన నెట్‌వర్క్ సాకెట్టు ఉంటుంది, కంప్యూటరు వైరు అందులో పెట్టాలి. తెర మీద నంబరు నొక్కి డయల్ చేయడం, వచ్చిన కాల్ పేరు చూడటం అన్నీ ఆ నెట్‌వర్క్ మీదే, ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేరుతో జరుగుతాయి. ఆ సాకెట్టు 100 ఎంబీపీఎస్‌దయితే కంప్యూటరు వేగమూ అంతకే కుదించుకుపోతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

యూఎస్‌బీలో పనిచేసే ఫోనే దొరికిందనుకుందాం. ఫోను వెలుగుతుంది, కంప్యూటరు మాత్రం ఉలకదు పలకదు. వందకు తొంభై పాళ్లు వైరుదే తప్పని మా అనుభవం. చార్జింగు కోసమే చేసిన వైర్లలో ఎరుపు, నలుపు తీగలే ఉంటాయి, డేటా మోసే తెలుపు, ఆకుపచ్చ తీగలు ఉండవు. వైరు 5 మీటర్లు దాటినా ఇదే గోల. గుర్తించాక విండోస్ తనంత తానే ఫోనును ప్రధాన స్పీకరుగా పెట్టేస్తుంది, పాటలు కూడా రిసీవరులోనే మోగుతాయి. సౌండ్ సెట్టింగుల్లో ఫోనును 'డిఫాల్ట్ కమ్యూనికేషన్ డివైస్'గా మాత్రమే ఉంచి, స్పీకర్లను 'డిఫాల్ట్ డివైస్'గా పెట్టాలి. మన మాట అవతలికి వినబడకపోతే ప్రైవసీ సెట్టింగుల్లో డెస్క్‌టాప్ యాప్‌లకు మైక్రోఫోన్ అనుమతి ఉందో లేదో చూడాలి. రిసీవరు ఎత్తితే కాల్ అందుకోకపోతే ఫోను చెడినట్టు కాదు, హుక్ స్విచ్ (రిసీవరు ఎత్తినట్టు చెప్పే మీట) కబురు అందుకునే ఏర్పాటు ఆ సాఫ్ట్‌ఫోను, అంటే కంప్యూటరులోనే ఫోనులా పనిచేసే ప్రోగ్రాములో లేదన్నమాట. గంట ఖాళీగా ఉంచాక ఫోను మాయమైతే పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయాలి.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన తంటాలు రెండున్నాయి. రాజోలు, నరసాపురం వైపు ఉప్పుగాలికి రోసెట్ బాక్సులో పిన్నులకు చిలుము పడుతుంది. లైనులో గరగర ఉంటే మోడెమ్ నంబరును తప్పుగా చదువుతుంది, ముందు పిన్ను మార్చాలి. రెండోది పిడుగు. యూపీఎస్ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. మోడెమ్ తగిలించాక ఫోను లైను నుంచి మదర్‌బోర్డు దాకా దారి తెరిచినట్టే. లైనుకు సర్జ్ ప్రొటెక్టరు పెట్టి, దాన్ని సరైన ఎర్తుకు కలపాలి. ఎర్తు లేని ప్రొటెక్టరు అలంకారానికే. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవకముందే ఫోను పిన్ను పీకేయడం అన్నిటికన్నా చవక.

కొనుగోలు పత్రాల్లో 'యూఎస్‌బీ టెలిఫోన్ - 1' అని ఒక్క ముక్క రాస్తే కీప్యాడుతో రిసీవరు మాత్రమే ఉండి, ఫోను లైనుకు సాకెట్టే లేని వస్తువు వచ్చి కూర్చుంటుంది. అది సాఫ్ట్‌ఫోనుకు తప్ప ఆఫీసు నంబరుకు పనికిరాదు. లైను రాగిదా, ఫైబరుదా, ఇంటర్‌కామ్ ఎక్స్ఛేంజిదా. కావలసింది నంబరు కనబడటమా, రికార్డింగా, డయలింగా. విండోస్ ఏ వెర్షను - ఈ మూడూ రాయమని మనవి. రికార్డింగు అయితే అవతలివారికి ముందే చెప్పే ఏర్పాటూ ఉండాలి.

కంట్రోల్ రూము తెరిచే ముందు మరొక్క పని. రాగి లైను ఫోనుకు టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచే కరెంటు వచ్చేది. ఫైబరు ఫోనుకు ఓఎన్‌టీకి కరెంటు ఉంటేనే ప్రాణం. ఒకసారి మెయిన్ స్విచ్ కట్టేసి సెల్‌ఫోను నుంచి ఆ నంబరుకు చేసి చూడండి. మోగకపోతే, వరద రాకముందే ఓఎన్‌టీని యూపీఎస్ మీదికి మార్చండి.

- టెలిఫోన్, ఈపీఏబీఎక్స్ మరమ్మతుదారులు, అమలాపురం