అమెరికా చరిత్ర పాఠానికి చిత్రాలను సాక్ష్యంగా పిలవాలి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కొడుకో, కూతురో, అక్క బిడ్డో అమెరికాలో ఉన్న కుటుంబాలు ఇప్పుడు కోకొల్లలు. ఇంటర్మీడియట్ దాటగానే ఆ దేశం మీద మనసు పెట్టుకునే పిల్లలకు వీసా నిబంధనలు, విశ్వవిద్యాలయాల ర్యాంకులు, డాలరు ధర నోటికి వచ్చు. ఆ దేశం ఎవరి నేల మీద ఏర్పడింది, ఎవరి చెమటతో బాగుపడింది అని అడిగితే మాత్రం 1776, వాషింగ్టన్, లింకన్ అని చెప్పి ఆగిపోతారు. తప్పు పిల్లలది కాదు. అమెరికా విప్లవాన్ని కారణాలు, ఫలితాలు అంటూ పాయింట్లుగా విడగొట్టి బట్టీ పట్టించింది మనమే. చరిత్ర బోధనలో చాలాకాలం గడిపినవాడిగా, ఈ పాఠాన్ని చిత్రకళ ద్వారా చెప్పాలని విద్యాశాఖకూ తోటి ఉపాధ్యాయులకూ మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

పాఠ్యపుస్తకాల్లో బొమ్మలకు కొదవ లేదు. పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకం ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రెడరిక్ సొర్యూ 1848లో వేసిన చిత్రంతోనే మొదలవుతుంది. స్వేచ్ఛామూర్తి విగ్రహం ముందు నుంచి ప్రపంచ ప్రజలంతా ఊరేగింపుగా సాగిపోయే ఆ చిత్రంలో అందరికన్నా ముందు నడుస్తున్నవి అమెరికా, స్విట్జర్లాండ్. యూరప్ గురించి కలగన్న చిత్రకారుడు అమెరికాను ఎందుకు ముందు నిలబెట్టాడన్న ఒక్క ప్రశ్న వేస్తే చాలు, అమెరికా చరిత్ర తలుపు అక్కడే తెరుచుకుంటుంది. ఆ ప్రశ్న వేయకుండానే చాలా తరగతుల్లో పేజీ తిరిగిపోతోంది.

ఆ ప్రశ్నకు కొంత జవాబు ఇమాన్యుయేల్ లోయిట్సె 1851లో పూర్తి చేసిన చిత్రంలో దొరుకుతుంది. 1776 డిసెంబరు 25 రాత్రి జార్జి వాషింగ్టన్ మంచుగడ్డలు తేలుతున్న డెలావేర్ నదిని సేనతో దాటి, మరునాటి ఉదయం ట్రెంటన్‌లో బ్రిటిష్ వారి తరఫున ఉన్న జర్మన్ కిరాయి సైనికులపై విరుచుకుపడ్డాడు. ఆ ఘట్టాన్ని లోయిట్సె దాదాపు 12 అడుగుల ఎత్తు, 21 అడుగుల వెడల్పున్న కాన్వాసు మీద చిత్రించగా, అది ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. పడవలో నిటారుగా నిలుచున్న వాషింగ్టన్ వెనుక చుక్కలు, చారల జెండా కనిపిస్తుంది. అమెరికా కాంగ్రెస్ ఆ జెండాను ఆమోదించింది 1777 జూన్ 14న, అంటే నది దాటిన రాత్రికి అది లేనే లేదు. సేన దాటింది చీకట్లో అయితే, చిత్రంలో ఆకాశం తెల్లవారుతోంది. ఇవన్నీ తెలియక చేసిన పొరపాట్లని పిల్లలు మొదట అనుకుంటారు. జర్మనీలో పుట్టి అమెరికాలో పెరిగిన ఈ చిత్రకారుడు మళ్లీ జర్మనీలో ఉంటూ, యూరప్‌లో రాజుల పాలనపై 1848లో లేచిన తిరుగుబాట్లు అణగిపోయిన రోజుల్లో దీన్ని గీశాడని చెప్పినప్పుడు, ఆ వెలుగు, ఆ జెండా ఎవరికి ధైర్యం చెప్పడానికో వాళ్లకే బోధపడుతుంది. తెడ్డు వేస్తున్న వారిలో ఒక నల్లజాతి మనిషి ఉన్నాడన్నది కూడా చూపించాలి. పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగించాలని 1850లో అమెరికా కఠినమైన చట్టం చేసిందని ఆ పక్కనే చెప్పాలి.

1770లో బోస్టన్‌లో బ్రిటిష్ సైనికులు జనంపై జరిపిన కాల్పులపై పాల్ రెవేర్ అచ్చు వేసిన చిత్రమూ ఇలాంటిదే. వీధిలో జరిగిన గందరగోళాన్ని, అధికారి ఆజ్ఞ ఇవ్వగా సైనికులు వరుసకట్టి కాల్చినట్టు చూపిన ఆ బొమ్మ జనంలో కోపం రగిలించింది. ఆ అధికారిని న్యాయస్థానం నిర్దోషిగా వదిలేసింది. ప్రచారం అంటే ఏమిటో చెప్పడానికి నాకు తెలిసి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

మన పిల్లలకు చిత్రంలో కథ చదవడం కొత్త విద్యేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రంలో నడుమ పెద్ద ఘట్టం, చుట్టూ వరుస గడుల్లో రామాయణ కథ, ఆ బొమ్మల వెంబడే తెలుగులో రాత ఉంటాయి. జేకబ్ లారెన్స్ అనే నల్లజాతి చిత్రకారుడు 1940–41లో సరిగ్గా ఇలాగే 60 చిన్న పలకల మీద, ఒక్కొక్కదానికి చిన్న వ్యాఖ్య జోడించి, అమెరికా దక్షిణాది పొలాల నుంచి ఉత్తరాది కర్మాగారాలకు తరలిపోయిన తన ప్రజల వలసను చెప్పాడు. మన పడమటి మండలాల నుంచి బెంగళూరుకు పనికి వెళ్లే కుటుంబాల పిల్లలకు ఆ రైలు స్టేషన్ల రద్దీ, ఆ మూటాముల్లె వివరించి చెప్పాల్సిన పని ఉండదు.

నేను అన్నిటికన్నా ముందు పెట్టే చిత్రం నార్మన్ రాక్‌వెల్ గీయగా 1964లో పత్రికలో అచ్చయినది. 1960 నవంబరులో న్యూ ఆర్లియన్స్‌లో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ల నల్లజాతి బాలిక, అప్పటిదాకా తెల్లవారి పిల్లలకే పరిమితమైన బడికి నడిచి వెళ్లడం అందులోని విషయం. తెల్లగౌను, చేతిలో పుస్తకాలు, స్కేలు. ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు మార్షల్స్, అంటే ఆమెకు రక్షణగా వచ్చిన కేంద్ర ప్రభుత్వ అధికారులు. వాళ్ల తలలు చిత్రంలో లేవు, భుజాల దగ్గరే చిత్రకారుడు కత్తిరించేశాడు. చూసేవారి కన్ను ఆ పాప ఎత్తుకు దిగిరావాలని అలా చేశాడని నేను నమ్ముతాను. గోడ మీద జాతిని దూషించే మాట, ఎవరో విసిరిన టమాటా పగిలిన మరక ఉన్నాయి. గుంపు కనబడదు. బడుల్లో జాతి విభజన చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 1954లోనే తీర్పు ఇచ్చినా, తెల్లవారు తమ పిల్లలను మానిపించడంతో ఆ ఏడాదంతా ఆ తరగతిలో రూబీ ఒక్కతే కూర్చుని చదివింది. అంటరానితనం పేరుతో బడి గడప అవతల కూర్చోబెట్టిన తరాల మాట మన పిల్లలు ఇళ్లలో విన్నారు. ఈ చిత్రం ముందు వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఉపాధ్యాయుడు సిద్ధపడి రావాలి, దాటవేయకూడదు.

మన చరిత్రకే సమయం చాలడం లేదు, పరాయి దేశపు బొమ్మలెందుకని కొందరు అడగవచ్చు. ఇలా చూడడం అలవాటైన కన్ను తిరుమల ఆలయంలో చేతులు జోడించి నిలుచున్న కృష్ణదేవరాయల లోహ విగ్రహం దగ్గరా ప్రశ్నలు వేస్తుంది కదా.

ఖర్చు పెద్దగా లేదు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు చాలావాటిలో ఐఎఫ్‌పీలు, అంటే పాఠాలు చూపే పెద్ద డిజిటల్ తెరలు, గోడకు ఉన్నాయి. మెట్రోపాలిటన్ మ్యూజియం తన వద్ద హక్కుల గడువు తీరిన చిత్రాల ఫొటోలను 2017 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోనిస్తోంది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు ఒక పూట కూర్చుని, పది చిత్రాలు ఎంచి, ఒక్కొక్కదానికి పేజీ నిడివిలో తెలుగులో నోట్సు రాసుకుంటే ఈ ఏటికి సరిపోతుంది. అయితే మన బడులు ప్రశ్నపత్రాన్ని బట్టే పాఠం చెబుతాయి కనుక, అర్ధ సంవత్సర పరీక్షల నుంచే ఒక చిత్రాన్ని అచ్చు వేసి, అందులో జరిగినదేది, చిత్రకారుడు కల్పించినదేది అని అడిగే ప్రశ్న ఒక్కటైనా చేర్చేలా చూడాలని ఉభయ జిల్లాల విద్యాశాఖాధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
తిరుపతి.