ఖర్చులు ఎవరివి వారే అంటే ఎలా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో చిన్న వార్త వేశారు: భూమి తగాదాలో ప్రతివాది పెట్టిన పిటిషను కొట్టేశారనీ, ఖర్చులు ఎవరివి వారే భరించుకోవాలన్నారనీ. అసలు వార్త ఆ చివరి ముక్కే కదండీ! దాన్ని మీ విలేకరి అంత తేలిగ్గా వదిలేశారేమిటి?

1936లో ఒడిశాని వేరుచేస్తూ మా ఊరి పక్కన సరిహద్దు గీత గీసేశారు. ఒడిశాలోని పర్లాకిమిడి వైపు పొలం, ఆంధ్రాలో అన్నదమ్ములు. పాతపట్నం నుంచో టెక్కలి నుంచో సాక్షిని తీసుకురావాలంటే బస్సు చార్జీ, భోజనం, పోయిన కూలి అన్నీ మనమే ఇచ్చుకోవాలి. తీరా కోర్టుకెళ్తే అవతలి ప్లీడరు గారు లేచి, జవాబుదావా (దావాకి తామిచ్చిన రాతపూర్వక జవాబు) సవరించుకుంటామంటూ ఓ పిటిషను పడేస్తారు. దానికి మనం కౌంటరు వేయాలి, మళ్లీ వాయిదాలు. చివరికి పస లేదని కొట్టేస్తారు. ఈలోగా అవతలివాడికి కావలసిన కాలం కలిసొచ్చేసింది!

ఖర్చులు జడ్జి గారి విచక్షణే, కాదనను. కానీ గెలిచినవాడికి ఇప్పించకపోతే ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షనే అంటోంది. ‘ఎవరివి వారే’ అన్నది కారణమా? వాయిదా కోరినవాడి చేత అవతలివాడి ఆ రోజు ఖర్చు కట్టించడానికి 1976 సవరణలో అదే కోడ్‌లో 35బి సెక్షన్ తెచ్చారు. ఆ డబ్బు కట్టకపోతే కేసు ముందుకు నడపనివ్వరు. మా వైపు దాన్ని వాడగా చూసినవారుంటే చెప్పండి, వెళ్లి దండం పెట్టుకుంటాను. అబద్ధపు దావాకి ఇప్పించే పరిహారం మామూలు కేసుల్లో 3,000 రూపాయలు దాటకూడదట. ఆ పరిమితిని కనీసం లక్ష చేయమని సుప్రీంకోర్టు 2011లోనే అంది. పెద్ద వ్యాపారుల తగాదాలకైతే 2015లో ఆ పరిమితి ఎత్తేశారు. సెంటు భూమివాడు ఎవరికి పట్టాడు?

పట్టించుకునే అధికారి ఏ ఆఫీసులో ఉన్నాడు కనుక! నోటీసు ఒడియాలో వస్తుంది, చదివిపెట్టినవాడికి టీ ఇప్పించాలి. నకలు కావాలంటే ‘రేపు రండి’. సాక్షులు కూర్చోడానికి బల్ల కూడా ఉండదు.

ఖర్చుల మెమో (మనకైన ఖర్చుల లెక్క) కోర్టులో వేయండని మా ప్లీడరు గారిని అడిగాను. ‘ఎందుకండీ, రేపు మరో కేసులో నేనూ వాయిదా అడుక్కోవాలి కదా’ అన్నారు. ఫీజు మాత్రం ఆ పూటే తీసుకున్నారు.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి