ఏఎన్ఎం చూసింది చెప్పుకునే దారి ఏది?

సంపాదకులకు నమస్కారం.

కాన్పులు ఆసుపత్రులకు మారాక ఒకప్పటి మంత్రసాని స్థానంలోకి ఏఎన్ఎం (ఊళ్లో తిరిగే ఆరోగ్య నర్సు), ఆశా కార్యకర్త వచ్చారు. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, ఇంటి కాన్పయితే మొదటి రోజు కూడా, ఆశా ఇంటికి వెళ్లి తల్లీబిడ్డలను చూసి రావాలన్నది నియమం. బయటివాళ్లెవరినీ రానివ్వని పురిటి గదిలోకి వెళ్లగలిగేది వీళ్లే గనుక, పసిబిడ్డకు కీడు జరుగుతుంటే మొదట తెలిసేదీ వీళ్లకే.

ఏఎన్ఎంల పని పర్యవేక్షించి పదవీ విరమణ చేసిన నాకు ఇలాంటి ఇళ్లు తెలుసు. మూడో కాన్పులోనూ ఆడపిల్లే. రెండు వారాలు దాటినా బిడ్డ బరువు పెరగదు. పాలు పడుతున్నాయా అంటే తల్లి మొదట అత్తగారి ముఖం చూసి, ఆ తర్వాత జవాబిస్తుంది. బక్కచిక్కిన ప్రతి బిడ్డ వెనకా నేరం ఉండదు, చాలాసార్లు తల్లికే తిండి చాలదు. ఆ తేడా తేల్చుకోవాలంటే తల్లితో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడాలి. రిజిస్టరులో బరువుకు, టీకాలకు గడులున్నాయి గానీ, ఆ మాటలు రాసుకోవడానికి చోటు లేదు.

గర్భిణే మైనరైతే చిక్కు ఇంకా పెద్దది. ఆధార్‌లో ఒక వయసు, నోటితో చెప్పేది ఇంకొకటి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసినవారు పోలీసులకు చెప్పితీరాలి; చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదని కూడా అదే సెక్షన్‌లో ఉంది, కానీ మర్నాడు మళ్లీ ఆ వీధిలోకే వెళ్లవలసిన ఆడమనిషికి ఆ ఒక్క వాక్యం ఏపాటి రక్షణ? పైగా కేసవుతుందన్న భయంతో ఇంటివాళ్లు పిల్లను ఆసుపత్రికే తీసుకురాకుండా దాచేస్తే, ప్రాణం మీదికి వచ్చేది ఆ పిల్లకే.

కేంద్రం 2018లో మిడ్‌వైఫరీ (కాన్పు సేవల) మార్గదర్శకాలు తెచ్చి, నర్సులకు 18 నెలల ప్రత్యేక శిక్షణ ప్రవేశపెట్టింది. హింస ఆనవాళ్లు గుర్తించడం, తల్లితో ఏకాంతంగా మాట్లాడడం అందులో గట్టిగా నేర్పాలి. ఏఎన్ఎంలకూ ఆశాలకూ అదే నేర్పాలి. అనుమానం కలిగితే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) వైద్యాధికారికి, అక్కడినుంచి జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి రాతపూర్వకంగా చేరే ఏర్పాటు ఉండాలి, చెప్పినవారి పేరు ఊళ్లో పొక్కకూడదు. ఆపదలో ఉన్న పిల్లల కోసం ఫోన్ చేసే 1098 నంబరు గోడల మీద ఉంది, సంతోషమే. ఫోన్ చేశాక ఆ బిడ్డ సంగతి ఏమైందో చేసినవారికి తిరిగి తెలియజేసే బాధ్యతను కూడా ఒక అధికారికి అప్పగించాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య, మహిళా శిశు సంక్షేమ శాఖలను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు