చి॥ మాధవికి బెజవాడ నుంచి

చి॥ మాధవికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. డిసెంబరులో నీ పూణే స్నేహితురాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని వస్తున్నావని తెలిసి మీ అమ్మా నేనూ సంతోషించాము. నువ్వు పంపిన కార్యక్రమం చూశాను. అమ్మవారి దర్శనం, ఉండవల్లి, భవానీ ద్వీపం, కొండపల్లి కోట, అమరావతి, ఆపైన షాపింగ్ మాల్, అన్నీ రెండు రోజుల్లో చుట్టి రావాలంటే మీకు కారు కిటికీలోంచి కనబడినదే బెజవాడ అవుతుంది. అందుకని కొన్ని కొట్టివేశాను, కోపగించుకోకు. మాల్ పూణేలోనూ ఉంటుంది. అమరావతికి ఒక రోజు ప్రత్యేకంగా కేటాయించాలి, దానిని మరోసారి చూద్దురు గాని.

మొదట వాళ్ళను ప్రకాశం బ్యారేజీ మీదికి తీసుకువెళ్ళు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోగా, 70 గేట్లతో, కిలోమీటరుకు పైగా పొడవుతో ఇప్పటి బ్యారేజీని 1957 నాటికి కట్టారు. ఊరి మధ్యగా పారే ఏలూరు, బందరు, రైవస్ కాలువలు అక్కడి నీటితోనే సాగుతాయి. డెల్టాలో ఇన్ని వరి పొలాలు ఎందుకున్నాయో, మన విస్తరిలో అన్నానికి అంత పెద్దపీట ఎందుకో అక్కడ నిలబడి చెబితే సులభంగా అర్థమవుతుంది.

దర్శనానికి తెల్లవారుజామునే బయలుదేరండి. మీరు వచ్చే రోజుల్లో భవానీ దీక్షల విరమణ పడితే, ఎర్ర బట్టల భక్తులతో కొండ దిగువ రోడ్లన్నీ నిండిపోతాయి. అటువంటప్పుడు కొత్తవాళ్ళను క్యూలో నిలబెట్టవద్దు. కొండ దిగాక గాంధీనగరంలోని బాబాయ్ హోటల్‌లో ఇడ్లీ తినండి. వేడి ఇడ్లీ మీద వెన్నపూస వేసి ఇస్తారు. అది కరిగి ఇడ్లీలోకి ఇంకుతుండగానే కారప్పొడి అద్దుకుని తినాలి గాని, ఫోటోలు తీస్తూ చల్లార్చుకోకూడదు.

మధ్యాహ్న భోజనం మాత్రం ఇంట్లోనే. మీ అమ్మ ఉలవచారు పెడతానంటోంది. ముందురోజు నానబెట్టిన ఉలవలను ఉడికించి, ఆ నీళ్ళు వార్చి, చింతపండు రసం కలిపి, సన్నని సెగ మీద చిక్కబడేదాకా మరిగించడం ఒక పూట పని. ఇప్పుడు హోటళ్ళలో ఉలవచారు బిర్యానీ అమ్ముతున్నారు. సరదా పడితే అదీ రుచి చూడండి గాని, వేడి అన్నంలో ఉలవచారు పోసుకుని పైన మీగడ వేసుకున్నవాళ్ళకు ఆ బిర్యానీతో పనిలేదని నా అభిప్రాయం.

భోజనం తరువాత కాసేపు నడుం వాల్చి, మూడు దాటాక బ్యారేజీ దాటి ఉండవల్లి వెళ్ళండి. కొండను నాలుగు అంతస్తులుగా తొలిచారు, పై అంతస్తు అసంపూర్తిగానే మిగిలింది. అనంతపద్మనాభస్వామి ఉన్నచోట వెలుతురు తక్కువ. చాలామంది గుమ్మంలోంచి తొంగిచూసి వెనుదిరుగుతారు. కళ్ళు చీకటికి అలవాటుపడేదాకా ఆగితే, శేషతల్పం మీద పవళించిన ఆ నిలువెత్తుకు మించిన విగ్రహం తల నుంచి పాదాల దాకా నెమ్మదిగా తేటపడుతుంది. వాళ్ళను అక్కడ తొందరపెట్టకు.

రెండో రోజు కొండపల్లిలో కోట ఎక్కడం మానుకుని బొమ్మలు చేసే ఇళ్ళకు వెళ్ళడం మేలు. తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కి, కాళ్ళూ చేతులూ విడివిడిగా చేసి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో వాటిని అతికిస్తారు. ఆ పని కళ్ళారా చూశాక మీ స్నేహితురాళ్ళు దశావతారాల ధర విని బేరమాడరు. తిరుగు దారిలో వీలైతే బందరు రోడ్డులోని బాపు మ్యూజియం చూడండి. 1921లో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా అందించింది ఈ ఊళ్ళోనే కదా. స్వరాజ్య మైదానంలోని 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం కూడా ఆ రోడ్డు మీదే ఉంది.

సాయంత్రం పునుగుల సంగతి నీకు నేను చెప్పనక్కరలేదు. మూకుడులోంచి తీసినవే అడుగు, పళ్ళెంలో ముందే పోసి ఉంచినవి వద్దు. తిరిగి వెళ్ళేటప్పుడు వాళ్ళకు బందరు లడ్డు కట్టించి ఇద్దాము.

వాళ్ళు కారం ఎంతవరకు తట్టుకుంటారో, మాంసాహారం తింటారో లేదో మీ అమ్మ కనుక్కోమంటోంది. గోంగూర పచ్చడిలో మిరపకాయలు దానిని బట్టి వేస్తుందట. టిక్కెట్లు ఖాయం కాగానే రైలు పేరు, అది చేరే వేళ తెలియజేయి, నేను స్టేషనుకు వస్తాను.

ఆశీస్సులతో,
నాన్న